రోడ్డు కంటే ముందు వచ్చిన బండి: మిషిగన్‌లో కొన్ని రోజులు

మా అమ్మాయి కాపురం నోవైలో. డెట్రాయిట్‌కు అరగంట దూరం. అక్కడ కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఎంతమందంటే, శనివారం వేంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం వరుసలో నిలబడినా యాక్సిళ్ల గురించీ బ్యాటరీల గురించీ మాటలు చెవిన పడుతుంటాయి. మా అల్లుడుగారు కూడా ఆ కోవలోనివారే, సస్పెన్షన్ విభాగం. నేను రోడ్లు భవనాల శాఖలో చేసి రిటైరయ్యాను. ఆయన బండి కుదుపు తగ్గించే మనిషి, నేను ఆ కుదుపుకు కారణమైన శాఖ మనిషిని. భోజనాల దగ్గర మాకు మాటలు కరువవవు.

ఈసారి ఊళ్లు చూడటం కన్నా పాత కార్లు చూద్దామనుకున్నాం. అందులోనూ మట్టిదారుల్లో, బురదలో తిరిగిన తొలి తరం కార్లు. తిరిగొచ్చి వారం కాకముందే రాసుకుంటున్నాను, లేకపోతే ఖర్చులు గుర్తుండవు.

జూన్ 12, గురువారం: పికెట్ అవెన్యూ

డెట్రాయిట్‌లో పికెట్ అవెన్యూ మీద మూడంతస్తుల ఇటుక కట్టడం ఒకటి ఉంది. బయటి నుంచి చూస్తే పాత నూలుమిల్లు అనుకుంటాం. నిజానికి 1904లో దాన్ని మిల్లుల నమూనాలోనే కట్టారు. 402 అడుగుల పొడవు, 56 అడుగుల వెడల్పు. కరెంటు దీపాల మీద ఆధారపడకుండా పగటి వెలుగు లోపలి దాకా రావాలని అంత సన్నగా కట్టారు. ఫోర్డ్ మోడల్ టి కారు పుట్టింది ఇక్కడే, 1908లో. టికెట్టు మనిషికి ఇరవై డాలర్ల చుట్టుపక్కల. పెద్దవాళ్లకు కొంత తగ్గింపు ఉంది. నా తెల్లజుట్టు చూసి వయసు అడగకుండానే తగ్గించారు.

లోపల చెక్క నేల. నూరేళ్ల నూనె పీల్చుకుని నల్లబడింది. మాకు తిప్పి చూపించిన పెద్దాయన ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలోనే పనిచేసి, ఇప్పుడు జీతం లేకుండా ఇక్కడ సేవ చేస్తున్నారు. అమెరికాలో మ్యూజియంలు సగం ఇలాంటి పెద్దవాళ్ల ఓపిక మీదే నడుస్తున్నాయి. మేం ఇండియా నుంచి వచ్చామనగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ దగ్గర అంబాసిడర్లు ఇంకా తిరుగుతున్నాయా?" అని.

ఫోర్డ్ కంపెనీ మొదట ఎ అని ఒకటి, బి అని ఒకటి, ఇలా అక్షరాల వరుసలో బళ్లు తయారుచేస్తూ టి దాకా వచ్చింది. మూడో అంతస్తులో ఒక మూల తలుపులు వేసుకుని ఆ టి బొమ్మ గీశారు. గీసినవాళ్లలో ముఖ్యుడు జోసెఫ్ గాలంబ్, హంగేరీ నుంచి వచ్చినవాడు. ఆ గదిని అప్పట్లో ఉన్నట్టే మళ్లీ అమర్చారు. పెద్ద నల్లబల్ల, దాని ముందు ఊగే కుర్చీ. గాలంబ్ బల్ల మీద గీస్తుంటే హెన్రీ ఫోర్డ్ కుర్చీలో ఊగుతూ చూసేవాడట.

పక్కనే పైతొడుగు లేని ఛాసిస్, అంటే బండి చట్రం, ఒకటి పెట్టారు. నేను వచ్చింది దీనికోసమే. మన లారీలకు ప్రతి చక్రం దగ్గరా పొడుగునా కమాను కట్టలు ఉంటాయి కదా. దీనికి ముందు ఒకే ఒక్క కమాను, వెనక ఒకే ఒక్క కమాను, రెండూ అడ్డంగా ఉన్నాయి. ముందు చక్రాలను కలిపే యాక్సిల్ రెండు చివర్ల నుంచి రెండు కడ్డీలు వెనక్కి వచ్చి ఇంజిన్ కింద ఒక గుండ్రని బంతి దగ్గర కలుస్తాయి. అంటే త్రికోణం. ఇంజిన్ కూడా చట్రానికి మూడు చోట్లే ఆనుతుంది. పెద్దాయన ఎడమ ముందు చక్రం కింద అడుగెత్తు చెక్కదిమ్మ పెట్టి చూపించారు. యాక్సిల్ ఇటు పైకి, అటు కిందికి వాలింది. పైన చట్రం మాత్రం కొద్దిగా మెలి తిరిగి ఊరుకుంది. ఇంజిన్‌కు ఆ మెలిక తగలనే లేదు. మిగతా మూడు చక్రాలూ నేల మీదే ఉన్నాయి.

మా అల్లుడుగారు మోకాళ్ల మీద కూర్చుని ఫోనులో ఫొటోలు తీసుకుంటూ, "ఇదే పని చేయడానికి మేం ఇప్పుడు కంప్యూటర్లూ సెన్సర్లూ పెడుతున్నాం మామయ్యగారూ" అన్నారు.

బండి మొత్తం బరువు 540 కిలోలు. 2.9 లీటర్ల ఇంజిన్, 20 హార్స్ పవర్. ఈనాటి పెద్ద మోటారు సైకిళ్లకు అంతకు రెండింతలు ఉంటుంది. కానీ బరువు తక్కువ, చక్రాలు 30 అంగుళాల ఎత్తు, నేలకూ బండి కడుపుకూ మధ్య దాదాపు 10 అంగుళాల ఖాళీ. యాక్సిళ్లు, గేరు పళ్లు వనేడియం కలిపిన ఉక్కుతో చేశారు. సన్నగా చేసినా విరగవు. బలం కోసం బరువు పెంచలేదు, ఒంగే గుణం పెంచారు. ఆఫ్ రోడ్ బండి, అంటే రోడ్డు లేని చోట తిరిగే బండి, యుద్ధట్యాంకులా ఉండాలనుకునేవాళ్లు ఈ చెక్కదిమ్మను ఒకసారి చూడాలి.

మధ్యాహ్నం డెట్రాయిట్ పిజ్జా తిన్నాం. చదరంగా, అంచులు కరకరలాడుతూ ఉంటుంది. మొదట్లో దీన్ని కార్ల ఫ్యాక్టరీల్లో నట్లూ బోల్టులూ పోసుకునే ఇనుప ట్రేలలో కాల్చేవారని చెబుతారు. మా ఆవిడ ఆ మాట విని ముక్క కింద పెట్టేసింది. "కడిగి ఉంటారులే" అన్నాక మళ్లీ తీసుకుంది. నలుగురికీ టిప్పుతో కలిపి యాభై డాలర్లు దాటింది.

జూన్ 13, శుక్రవారం: డియర్‌బోర్న్

హెన్రీ ఫోర్డ్ పాత ఇళ్లనూ దుకాణాలనూ ఎక్కడెక్కడి నుంచో పునాదులతో సహా తెప్పించి ఇక్కడ గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అని ఒక ఊరు పేర్చుకున్నాడు. ఎడిసన్ ప్రయోగశాల, రైట్ సోదరుల సైకిల్ షాపు, ఫోర్డ్ పుట్టిన ఇల్లు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. డబ్బున్నవాడి బొమ్మలకొలువు. 1896లో ఆయన తొలి బండి తయారుచేసిన పాక నమూనా కూడా ఉంది. బండి పూర్తయ్యాక చూస్తే తలుపు చాలలేదు. గొడ్డలి తీసుకుని గోడ ఇటుకలు పగలగొట్టి బయటికి తెచ్చాడు. అది అద్దెకున్న ఇంటి పాక. ఇంటి ఓనరు ముఖం తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక్కడ మోడల్ టిలో ఊరంతా తిప్పుతారు. ప్రవేశం టికెట్టు కాకుండా దానికి వేరే టికెట్టు. మాకు దొరికిన బండి నడిపే అమ్మాయి కాలేజీ పిల్ల, తలకు పాతకాలపు టోపీ. వెనక సీట్లో మా ఆవిడా మనవడూ, ముందు నేను. సీటు ఎంత ఎత్తుగా ఉందంటే పక్కన నడిచేవాళ్ల టోపీలు మనకు పైనుంచి కనిపిస్తాయి. రాళ్లు పరిచిన చోట బండి ఊగింది గానీ ఎత్తెయ్యలేదు.

అయినా ఈ సవారీలో బండి అసలు సంగతి తెలియదు. ఊళ్లో దారులన్నీ నున్నగా ఉన్నాయి. ఆనాటి దారుల లెక్క వేరు. 1904లో అమెరికా ప్రభుత్వం దేశంలోని పల్లె రోడ్లన్నీ లెక్కపెట్టించింది. మొత్తం 21 లక్షల మైళ్లకు పైగా తేలింది. అందులో కంకరో గులకో ఏదో ఒకటి పరిచినవి నూటికి 7 మైళ్లు. మిగతా 93 మైళ్లు ఉత్త మట్టి. వానపడితే బురద, ఎండకాస్తే గట్టిపడిన బండిచక్రాల గాడులు. రోడ్ల శాఖవాడికి ఆ అంకె చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అంటే కార్లు తయారుచేసినవాళ్లు ఆఫ్ రోడ్ బళ్లని వేరుగా తయారుచేయలేదు. వాళ్లకు ఆన్ రోడ్ అన్నదే లేదు.

ఆ గాడుల మాట ఒకటి చెప్పాలి. గాడిలో ఒక చక్రం, గట్టు మీద ఒక చక్రం పడితే ఏ బండైనా ఒరిగిపోతుంది. అందుకే మోడల్ టి చక్రాల మధ్య దూరం గుర్రబ్బళ్ల లెక్కకు సరిపోయేలా 56 అంగుళాలు పెట్టారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బళ్ల గాడులు ఇంకొంచెం వెడల్పు. వాళ్ల కోసం 1916 దాకా 60 అంగుళాల యాక్సిల్‌తో వేరే తయారుచేసి అమ్మారు. రోడ్డును బట్టి బండి. మేం ఉద్యోగమంతా చేసింది దీనికి తిరగబెట్టిన పని: బండి పెరిగిందని రోడ్డు వెడల్పు చేయడం.

భోజనం ఈగిల్ టావెర్న్‌లో. 1850ల నాటి పద్ధతి, కొవ్వొత్తి వెలుగు, పొడుగు బల్లలు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవాలి. మా పక్కన కూర్చున్న ఒహాయో దంపతులు రొట్టె పళ్లెం మా వైపు జరిపి, వెన్న అందించి, ఆ తర్వాతే పేర్లు అడిగారు. మాంసం తినని మా ఆవిడకు కూరగాయల పళ్లెం ఒకటి తెచ్చారు. ఉప్పు లేదు, కారం ఊసే లేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మాగాయ సీసా తీయబోతే మా అమ్మాయి కళ్లతోనే ఆపింది. ఒహాయో ఆవిడ అది చూసి, "ఏమిటది, నాకూ కాస్త?" అంది. వేసుకుంది. నీళ్లు తాగింది. మళ్లీ వేసుకుంది.

సాయంత్రం డియర్‌బోర్న్ బజారులో యెమెన్ వాళ్ల టీ దుకాణానికి వెళ్లాం. ఈ ఊళ్లో అరబ్బులు చాలామంది, ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనికోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. పాలు, ఏలకులు, చిక్కటి డికాక్షను. అమెరికాలో అడుగుపెట్టాక టీ తాగినట్టు అనిపించింది ఇక్కడే. కప్పు ఐదు డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూడకపోతేనే రుచి.

జూన్ 14, శనివారం: హికరీ కార్నర్స్

పడమటి వైపు రెండు గంటల ప్రయాణం. పొలాల మధ్య గిల్‌మోర్ కార్ మ్యూజియం ఉంది. ఇక్కడ మోడల్ టి నడపడం నేర్పుతారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మనిషికి వంద డాలర్లు దాటింది. మా అల్లుడుగారికీ నాకూ పేర్లు రాయించాం. ఆడవాళ్లు "మీ పిచ్చి మీది" అని 1941 నాటి డైనర్, అంటే చిన్న హోటలు, ఒకటి అక్కడే ఉంటే అందులో కూర్చున్నారు.

నేర్పే ఆయన మొదట అన్నమాట, "కారు నడపడం వచ్చని మరిచిపోండి." కింద మూడు పెడళ్లు ఉంటాయి. కుడిది బ్రేకు. మధ్యది రివర్స్. ఎడమది నేలదాకా నొక్కితే లో గేరు, సగం నొక్కితే న్యూట్రల్, పూర్తిగా వదిలేస్తే హై గేరు. ఉన్నవి ఆ రెండు గేర్లే. యాక్సిలరేటరు కాలికింద లేదు. స్టీరింగ్ కింద కుడివైపు చిన్న కడ్డీ అది. ఎడమవైపు కడ్డీ, ఇంజిన్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పేది. నాలుగు పదుల ఏళ్లు కారు నడిపిన కాలు కుడివైపు ఆనగానే బండి ఆగిపోతుంది.

ముందుగా హ్యాండిల్ కొట్టడం. నా చిన్నప్పుడు మా ఊరి బస్సుకు క్లీనరు ముందునుంచి హ్యాండిల్ తిప్పుతుంటే పిల్లలం గుమిగూడి చూసేవాళ్లం. ఇన్నాళ్లకు నా వంతు వచ్చింది. ఎడమచేత్తో పట్టుకోవాలి. బొటనవేలు కడ్డీని చుట్టకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. కింది నుంచి పైకి ఒక్క గుంజు గుంజాలి, కిందికి నొక్కకూడదు. అంతకు ముందే నిప్పురవ్వ కడ్డీ పైకి పెట్టి ఉండాలి. ఈ జాగ్రత్తలన్నీ ఎందుకంటే, ఇంజిన్ ఎదురు తిరిగితే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొడుతుంది. ఆ రోజుల్లో డాక్టర్లకు ఈ తరహా ఎముక విరగడం బాగా పరిచయం. ఇంజిన్ పట్టుకోగానే బండి మొత్తం, అద్దంతో సహా, వణకడం మొదలెడుతుంది.

లోపలి దారుల మీద తిప్పాక, చివర్లో ఆయన తానే నడుపుతూ గడ్డిదిబ్బ మీదికి ఎక్కించారు. అప్పుడే ట్యాంకు సంగతి చెప్పారు. పెట్రోలు ట్యాంకు ముందుసీటు కింద ఉంటుంది, పంపు లేదు. పెట్రోలు వాలుకు దానంతటదే ఇంజిన్‌లోకి పారాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కితే ట్యాంకు కన్నా ఇంజిన్ పైకి పోయి పెట్రోలు అందదు. అందుకని రైతులు బండిని వెనక్కి తిప్పి రివర్స్‌లో కొండ ఎక్కేవారు. రివర్స్ గేరుకు లాగే బలం కూడా లో గేరు కన్నా ఎక్కువ. ఆయన చేసి చూపించారు. కొండకు వీపు చూపిస్తూ కారు ఎక్కుతుంటే మా అల్లుడుగారు చప్పట్లు కొట్టారు.

కానీ ఈ బండిని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. కాలి బ్రేకు చక్రాలను నేరుగా పట్టదు, గేరుపెట్టెలో పట్టుకుంటుంది. ముందు చక్రాలకు బ్రేకే లేదు. బురదలో ఒక వెనక చక్రం జారితే అదే గిర్రున తిరుగుతుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. అప్పుడు గొలుసులు చుట్టాలి, లేదా పక్క పొలంలో గుర్రాన్ని అడగాలి. 1909లో న్యూయార్క్ నుంచి సియాటిల్‌కు పందెం పెడితే రెండు మోడల్ టి బళ్లు వెళ్లాయి. వాటిలో రెండో నంబరు బండి 22 రోజులకు ముందుగా చేరింది. ఫోర్డ్ దాన్ని చాటింపు వేసుకుని బోలెడు బళ్లు అమ్ముకున్నాడు. కొన్ని నెలలకు, దారిలో ఇంజిన్ మార్చారని తేలి గెలుపు రద్దయింది. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో కుర్రాడు హెన్రీ అలెగ్జాండర్ 1911 మేలో బెన్ నెవిస్ శిఖరం దాకా దీన్ని ఎక్కించాడు. 1,345 మీటర్ల కొండ, బండలూ మంచూ ఊబినేలా. రోజులకు రోజులు పట్టింది, దారి పొడుగునా మనుషుల సాయం ఉంది. అయినా దిగి వచ్చింది మాత్రం దాని చక్రాల మీదే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ సాహసాలు కావు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, దానికి పట్టీ తగిలించి రైతులు రంపం తిప్పారు, నీళ్లు తోడారు, ధాన్యం నూర్చారు. ఆదివారం అదే బండిలో చర్చికి వెళ్లారు. విరిగితే ఊళ్లో కమ్మరి బాగుచేశాడు. 1908లో 850 డాలర్లు ఉన్న ధర 1925 నాటికి చిన్నరకం బండికి 260కి దిగింది. కోటిన్నర బళ్లు అమ్ముడయ్యాయంటే కొన్నది సాహసికులు కాదు, పాలక్యానులు మోసుకెళ్లే రైతులు.

డైనర్‌లో ఆడవాళ్లు చెర్రీ పై తిని, మా వాటా కూడా తినేశారు.

జూన్ 16, సోమవారం: మాకినా వంతెన దాటాక

ఉత్తరానికి నాలుగు గంటల పైచిలుకు. అయిదు మైళ్ల మాకినా వంతెన దాటితే పై మిషిగన్. టోలు నాలుగు డాలర్లు. 1957లో కట్టారు. వంతెన మధ్యలో రోడ్డు ఇనుప జాలీ, కింద నీళ్లు కనిపిస్తాయి. నేను కిటికీ దించి జాలీ అతుకులు చూస్తుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదివింది.

సెయింట్ ఇగ్నేస్‌లో పాస్టీ కొన్నాం. ఇంగ్లండ్ కార్న్‌వాల్ నుంచి గనుల పనికి వచ్చినవాళ్లు తెచ్చిన వంట ఇది. పెద్ద కజ్జికాయలో బంగాళాదుంప కూర కుక్కి కాల్చినట్టుంటుంది. మాంసం లేనిది కూడా దొరికింది. పదేసి డాలర్లు. ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలి ఎత్తదు.

అక్కణ్ణుంచి సరస్సు ఒడ్డున ఒక లైట్‌హౌస్ చూద్దామని బయలుదేరాం. ఫోనులో మ్యాపు దగ్గరిదారి చూపించింది. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి ఇసుక వచ్చింది, చివరికి పైన్ చెట్ల మధ్య రెండు చాళ్లు మిగిలాయి. నడుమ గడ్డి మోకాలెత్తు. అల్లుడుగారి కారుకు ఇసుక, మంచు, బురద అని వేరువేరు మీటలు ఉన్నాయి. ఇసుక మీట నొక్కారు. ఇంకో వంద గజాలు వెళ్లాక బండి కడుపు నడిమి గట్టు మీద ఆని కూర్చుంది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి కదలదు. రెండు టన్నుల బరువు. తలుపు తీయగానే దోమలు, నల్ల ఈగలు. జూన్‌లో ఆ అడవి వాటిదే.

నేను దిగి గాడులు కొలిచాను. లోతు తొమ్మిది అంగుళాలు. మా కారు కడుపు ఎత్తు ఎనిమిదిన్నర. "మొన్నటి బండికి పది ఉంది" అన్నాను. అల్లుడుగారు ఈగలు తోలుకుంటూ ఉన్నారు, జవాబు రాలేదు.

ముప్పావుగంటకు ఒక పాత పికప్ ట్రక్కు వచ్చింది. నడిపేది డెబ్బై దాటిన మనిషి, చొక్కా మీద రంపపుపొట్టు. "ఎవరు పంపించారు మిమ్మల్ని ఇటు?" అని అడిగి, మేం ఫోను చూపించగానే నవ్వారు. తాడు కట్టబోతారనుకున్నాను. ముందు నాలుగు టైర్లలో గాలి తీయించారు, సగానికి సగం. తర్వాత పారతో నడిమి గట్టు చెక్కారు. టైరు చప్పబడి వెడల్పయ్యేసరికి బండి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఆయన తాత మోడల్ టితో ఇదే దారిలో ఉత్తరాలు పంచేవాడట. చలికాలంలో ముందు చక్రాలు విప్పి జారుడు బద్దలు, వెనక ఇనుప పట్టాలు తగిలించుకుని మంచుమీద తిరిగేవాడట. అలా మార్చుకునే సామాను సెట్లు అప్పట్లో తయారుగా అమ్మేవారు.

డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక పెట్టుకున్నారు. సున్నుండలు డబ్బా ఇస్తే మాత్రం మూత తీసి వాసన చూసి, ఒకటి అక్కడే నోట్లో వేసుకుని మిగతావి సీటు మీద పెట్టుకున్నారు. ఈ ప్రాంతంలో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్లు ఎత్తి పలకరిస్తాడు. బదులు ఎత్తకపోవడం మర్యాద కాదని ఆయనే చెప్పారు. ఆ సాయంత్రం మేం ఎదురుపడ్డ ప్రతి బండికీ వేళ్లు ఎత్తుతూ వచ్చాం. లైట్‌హౌస్ చూడలేదు.

జూన్ 17, మంగళవారం: మాకినా దీవి

కార్ల ఊసే గిట్టని ఊరు. 1898లో ఇక్కడి గ్రామ పాలకులు, గుర్రాలు బెదురుతున్నాయని గుర్రాలు లేని బళ్లను నిషేధించారు. నిషేధం ఇప్పటికీ ఉంది. అంబులెన్సు, ఫైరింజను వంటి కొన్నిటికి మినహాయింపు. దీవి చుట్టూ ఎనిమిది మైళ్ల రాష్ట్ర రహదారి ఉంది, దాని మీద మోటారు బండి తిరగకూడదు. మోటారు బండి ఎక్కని రహదారిని నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. ఉపరితలం అద్దంలా ఉంది. ఉండదా మరి!

పడవ టికెట్టు, సైకిళ్ల అద్దె కలిపి బాగానే వదిలింది. లైలాక్ పూలు విరగబూసి ఉన్నాయి. వీధిలో లైలాక్ వాసన, గుర్రపు పేడ వాసన, ఫడ్జ్ వాసన మూడూ కలిసి వస్తాయి. ఫడ్జ్ అంటే పాలూ చక్కెరా వెన్నా కాచిన గట్టి మిఠాయి. పాలరాతి బల్ల మీద పోసి గరిటెలతో మడుస్తుంటే అద్దం వెనక నుంచి జనం చూస్తున్నారు. సరుకులన్నీ గుర్రబ్బళ్ల మీదే వస్తాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్సెళ్లు కూడా. మా ఆవిడ గుర్రబ్బండి ఎక్కి, "ఇదే బాగుంది, తన్నే హ్యాండిల్ లేదు" అంది.

జూన్ 20, శుక్రవారం: ఉడ్‌వర్డ్ అవెన్యూ

నా కోరిక మీద ఈ చివరి చుట్టు. డెట్రాయిట్ ఉడ్‌వర్డ్ అవెన్యూలో సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల మధ్య 1909లో ఒక మైలు కాంక్రీటు వేశారు. అమెరికాలో పల్లెదారికి మైలు పొడుగునా కాంక్రీటు పరచడం అదే మొదలు. రోడ్డు పక్కన దాని గుర్తుగా ఫలకం ఉంది. బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లు ఫలకానికి ఫొటో తీస్తున్న నన్ను వింతగా చూశారు.

అంతకు ముందు మంచి రోడ్డంటే నీళ్లు పోసి రోలరు తిప్పిన కంకర రోడ్డు. దాని మీద ఇనుప కమ్మీ చక్రాల బళ్లు నడిస్తే రాయి కొంచెం కొంచెం నలిగి, ఆ పొడే మళ్లీ సందుల్లో కూరుకుని గట్టిపడేది. బండి నడిచేకొద్దీ రోడ్డు బాగుపడేది. రబ్బరు టైర్ల కారు వచ్చి ఆ పొడినంతా పీల్చి ఎగరగొట్టేసింది. రాళ్లు వదులై లేచిపోయాయి. ఉన్న ఏడు శాతం మంచి రోడ్లను కూడా కారే పాడుచేసింది. అందుకే తారు, అందుకే కాంక్రీటు. ఈ వేన్ కౌంటీ రోడ్ల కమిషన్‌లోనే ఎడ్వర్డ్ హైన్స్ అనే ఆయన 1911లో రోడ్డు మధ్య గీత గీయించాడు. గీత, కాంక్రీటు, తారు అన్నీ వచ్చాక ఎత్తు చక్రాల బండి ఎవరికీ అక్కర్లేకపోయింది. మెత్తటి సీటూ వేగమూ కావాలన్నారు. 1927 మేలో మోడల్ టి ఆపేశారు.

తిరుగు ప్రయాణంలో ఒక పక్కరోడ్డు మీద గుంత తగిలింది. మిషిగన్‌లో శీతాకాలం నీళ్లు పగుళ్లలో గడ్డకట్టి, వసంతంలో కరిగి, రోడ్డు పెచ్చులూడుతుంది. ఇంజనీర్ల తప్పు కన్నా వాతావరణం తప్పే ఎక్కువని నేను సమర్థించబోయాను. కుడి ముందు టైరు పక్కగోడ చీలిపోయింది, చక్రం అంచు వంగింది. గుంత లోతు చూస్తే నాలుగు అంగుళాలు కూడా లేదు. టైరు రబ్బరు పట్టీ ఎంత సన్నమంటే మూడు వేళ్ల మందం.

టైర్ల దుకాణంలో రెండు ముందు టైర్లూ ఒకేసారి మార్చాలన్నారు. చక్రంతో కలిపి 790 డాలర్లు. వేచి ఉన్నంతసేపు కాఫీ ఉచితం.

"ఆ పాత బండి ఎంత అన్నారు?" అని మా ఆవిడ అడిగింది.

"చివర్లో 260."

"అప్పటి డాలరు వేరు అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు, కార్డు తీస్తూ.

"వేరైతే వేరేలే. మూడు వచ్చేవి" అంది ఆవిడ.